బాగున్న రోజులు: రెండు

మేడ మీద, నా గది
జూలై 4

అత్తయ్యా,

నువ్వు మూడుసార్లు ఫోన్ చేశావట. మూడుసార్లూ నాన్నే ఎత్తి "చదువుకుంటోంది" అన్నాడట. అబద్ధం కాదు, మూడుసార్లూ చదువుకుంటూనే ఉన్నాను. నా ఫోన్ ఇప్పుడు బీరువాలో ఉంది. పరీక్షలయ్యాక విడుదల. ఉత్తరాలకు మాత్రం అనుమతి దొరికింది. ఉత్తరం వల్ల కంటికీ, మెడకూ, మనసుకూ ఎలాంటి ప్రమాదమూ లేదని నాన్న పరిశీలించి తేల్చాడు.

సీసాల ఫ్యాక్టరీలో భద్రతా అధికారి అయ్యాక నీ తమ్ముడు ఎంత మారాడో నువ్వు చూడలేదు. అక్కడ గేటు దగ్గర ఉండే బోర్డు లాంటిదే మా ఫ్రిజ్ తలుపు మీద పెట్టాడు. పైన "ప్రమాదం లేని రోజులు" అని ఉంటుంది, కింద అంకె. ఈ రోజు 211. అంతకుముందు ఒకసారి 90 దాకా వెళ్ళి సున్నాకు పడిపోయింది, అమ్మ బ్రెడ్ కోస్తూ వేలు కోసుకున్నందుకు. మూడు రోజుల పాటు ఆయన ముఖం చూడలేకపోయాం. అప్పటి నుంచి అమ్మ వేలు కోసుకోవడం మానలేదు, చెప్పడం మానేసింది.

అసలు సంగతికి వస్తాను. పోయిన వారం మీ ఆఫీసు వాళ్ళు మా స్కూలుకు వచ్చి ఫారాలు పంచారు. పిల్లల ప్రమాదకరమైన అలవాట్ల మీద నలభై ప్రశ్నలు. "పేరు రాయొద్దు, నిజం రాయండి" అన్నారు. మేము నిజమే రాస్తున్నామో లేదో చూడటానికి వ్యాయామం టీచర్ బెంచీల మధ్య తిరుగుతూ ప్రతివాడి భుజం మీదుగా తొంగి చూశాడు. వెనక బెంచీ వాళ్ళు పోటీ పెట్టుకుని రాశారు. ఒకడు రోజుకు పదకొండు సీసాల బీరు తాగుతానని రాశాడు. వాడికి రెండో కప్పు టీ తాగితేనే కడుపులో మంట.

నా పక్కన కూర్చునేది స్కూటర్. వాళ్ళ నాన్న స్కూటరేసుకుని స్కూలుకు వస్తుంది కాబట్టి ఆ పేరు. లైసెన్సు లేదు, హెల్మెట్ అసలే లేదు. సిగరెట్లు మాత్రం ఉన్నాయి. అది అయిదు నిమిషాల్లో ఫారం నింపి ఇచ్చేసింది. నాకు చాలాసేపు పట్టింది. 38వ ప్రశ్న దగ్గర ఆగిపోయాను. అన్నింటికీ టిక్కు పెట్టే గడులే ఉన్నాయి, దానికొక్కదానికే ఖాళీ గడి. "గత నెలలో మీ జీవితం బాగుందని ఎన్ని రోజులు అనిపించింది?" ఆ ప్రశ్న నువ్వే రాసి ఉంటావు.

ఒక సందేహం. ఆ ఫారాలను ఎవరైనా చదువుతారా, లేక ఊరికే లెక్కపెడతారా?

నీ పిచ్చుక


సర్వే ఆఫీసు, మూడో అంతస్తు
జూలై 19

పిచ్చుకా,

రెండూ చేస్తాం. ముందు నేను చదువుతాను, తర్వాత కంప్యూటర్ లెక్కపెడుతుంది. పైకి వెళ్ళేది లెక్కపెట్టినదాని మాటే.

నా ఉద్యోగం పేరు పరిశీలకురాలు. బల్ల మీద రెండు ముద్రలు ఉంటాయి. ఒకటి "పొంతన ఉంది", ఇంకొకటి "పొంతన లేదు". మీ పదకొండు సీసాల వీరుడికి రెండోది పడింది. ఇరవై ఏళ్ళుగా ఫారాలు చదువుతున్నాను, సీసాల సంఖ్య చూస్తే చాలు, ఎన్నో బెంచీవాడో చెప్పేస్తాను.

38వ ప్రశ్న నాదే. దాన్ని ఉంచడానికి మా డైరెక్టరుతో రెండు నెలలు పోరాడాను. ఆయనకు కావలసింది ఒక గీత. చెడు అలవాట్లు పెరిగేకొద్దీ పిల్లల జీవితం బాగుండటం ఎలా తగ్గుతుందో చూపించే గీత, ఎడమ నుంచి కుడికి జారుడుబల్లలా దిగాలి. ఫారాలు రాకముందే దాన్ని గీయించి గోడకు తగిలించుకున్నాడు. తప్పని అనను. చాలావరకు నిజం అదే. తాగేవాళ్ళు, కాల్చేవాళ్ళు, తిండి మానేసేవాళ్ళు సంతోషంగా ఉన్న ఫారం నేను పెద్దగా చూడలేదు. అయితే ఏ అలవాటూ లేకుండా ఆ గీతకు దూరంగా, కింద ఒక మూల నిలబడే పిల్లలు ప్రతి స్కూల్లోనూ కొందరుంటారు. వాళ్ళంటే ఆయనకు పడదు.

నాకు ఒంట్లో బాగానే ఉంది. గంటకోసారి మేడ మీదికి వెళ్ళి మంచి గాలి పీల్చుకుని వస్తున్నాను.

ఇంతకీ, నిద్ర బాగా పడుతోందా? ఊరికే అడుగుతున్నాను.

మీ అత్తయ్య


నా గది
ఆగస్టు 2

అత్తయ్యా,

ఎనిమిది గంటలు. దిండు మీద తల పెడితే తెల్లారేదాకా ఒళ్ళు తెలియదు. ఇక నిద్ర సంగతి వదిలేద్దాం.

నాకో పదవి వచ్చింది. స్కూలుకు ఆరోగ్య రాయబారిని. భుజం మీదుగా వేసుకోవడానికి ఆకుపచ్చ పట్టీ కూడా ఇచ్చారు. సిగరెట్ లేదు, మందు లేదు, గోడ దూకడం లేదు, ఆలస్యంగా రావడం లేదు. నాలో ఏమేమి లేవో చెప్పడానికి వ్యాయామం టీచర్‌కు పూర్తిగా ఒక నిమిషం పట్టింది. ఏముందో ఎవరూ అడగలేదు. నాన్న ఆ పట్టీని ఇస్త్రీ చేసి పెట్టాడు.

పొద్దున అయిదు నుంచి ఏడు వరకు కోచింగ్, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది వరకు మళ్ళీ కోచింగ్. మధ్యలో ఖాళీ ఉంటుంది కదా, అందులో స్కూలు. కోచింగ్ సెంటర్ గుమ్మం దగ్గర ఒక కౌంటర్ ఉంది. మెరుపు బొమ్మ ఉన్న ఎనర్జీ డ్రింక్ డబ్బాలు అమ్ముతారు. దాని పైనే "ఇక్కడ పొగ తాగరాదు" అని పెద్ద అక్షరాలు. మీ ఫారంలో సిగరెట్ల మీద ఆరు ప్రశ్నలున్నాయి, మందు మీద అయిదు. ఆ డబ్బాల మీద ఒక్కటీ లేదేమిటా అనిపించింది. నేనూ ఊరికే అడుగుతున్నాను.

నీకొక్కదానికే ఒకటి చెబుతాను. జూన్‌లో రెండు రోజులు కోచింగ్‌లో మా లెక్కల సార్‌కు పన్ను నొప్పి వచ్చి క్లాసు రద్దయింది. రెండుసార్లూ స్కూటర్ నన్ను వెనక ఎక్కించుకుని వంతెన దాటి, రోడ్డు ఎక్కడ ఆగిపోతే అక్కడిదాకా తీసుకెళ్ళింది. హెల్మెట్లు లేవు. అక్కడ గట్టు మీద కూర్చుని సిగరెట్ వెలిగించి నాకు ఒక్క దమ్ము ఇచ్చింది. కళ్ళ నీళ్ళు వచ్చేదాకా దగ్గాను. పొగ ఏమీ బాగోలేదు. గాలి బాగుంది. దాని బతుకే బతుకు అనిపించింది. ఎప్పుడు ఇంటికి వెళ్ళినా "ఎక్కడున్నావ్" అని అడిగేవాళ్ళే లేరట.

ఇంకో మాట. నీ ఉత్తరం విప్పితే గదంతా వాసన వచ్చింది. మీ మేడ మీద మంచి గాలి నాకు తెలిసిన వాసనే వేస్తోంది.

పిచ్చుక


ఇల్లు
ఆగస్టు 24

అక్కకు,

విషయం: ఈ నెల 22న అమ్మాయి కళ్ళు తిరిగి పడిపోవడం.

స్కూల్లో ఆరోగ్య దినం సభ జరుగుతుండగా ఉదయం 10.40కి అమ్మాయి వేదిక మీద ప్రతిజ్ఞ చదివిస్తూ, "తగినంత నిద్రపోతాను" అనే వాక్యం దగ్గర పడిపోయింది. గడ్డానికి రెండు కుట్లు పడ్డాయి. కారణం ఎండ అని డాక్టరు అన్నాడు. వేదిక మీద కప్పు ఉంది కదా అని అడిగాను, అయితే నీరసం అన్నాడు.

పడింది చెక్క వేదిక మీద కాబట్టి, దెబ్బ చిన్నది కాబట్టి, దీన్ని ప్రమాదంగా కాకుండా "త్రుటిలో తప్పిన ప్రమాదం"గా నమోదు చేశాను. బోర్డు మీద అంకె ఆగలేదు: 262.

అమ్మాయిని ఆసుపత్రికి చేర్చింది స్కూటర్ నడిపే ఆ పిల్ల. అంబులెన్స్ కోసం ఎదురుచూడకుండా ముందు కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళింది. ఇద్దరికీ హెల్మెట్లు లేవు. స్కూలుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేశాను. ఆ పిల్లను రెండు వారాలు స్కూలుకు రావద్దన్నారు.

అక్కా, ఒక్క విషయం నాకు అంతుపట్టడం లేదు. స్పృహ రాగానే అది మొట్టమొదట అన్న మాట, "అత్తయ్య చదివిందా?" అని. ఏం చదవాలి అంటే గోడవైపు తిరిగి పడుకుంది. నీకేమైనా తెలుసా? నాకు రెండు రోజులుగా అన్నం సహించడం లేదు.

తమ్ముడు


సర్వే ఆఫీసు
ఆగస్టు 27

పిచ్చుకా,

చదివాను.

నిన్నా మొన్నా కాదు, జూలై రెండోవారంలోనే చదివాను. పేరు లేకపోతేనేం, "ళ"కు తోక పెట్టి రాసేది మన ఇంట్లో నువ్వొక్కదానివే. చెడు అలవాట్ల గడులన్నింటిలో "లేదు". నిద్ర మూడు గంటలు. బాగున్న రోజులు రెండు. పక్కన మార్జిన్‌లో నువ్వు రాసింది నాకు ఇప్పుడు నోటికి వచ్చు. "దీని మీద ప్రశ్న లేదు కానీ చెబుతున్నాను. నిద్ర రాకుండా మాత్రలు రోజుకు రెండు, డబ్బాలు మూడు. గుండె దడదడలాడుతోంది. ఇది ఏ గడిలో వేయాలి?"

దాని మీద నేను "పొంతన లేదు" అని ముద్ర వేశాను.

మా ఆఫీసు నియమం ఒకటి ఉంది. ఏ చెడు అలవాటూ లేని పిల్లలకు నెలలో పది కన్నా తక్కువ బాగున్న రోజులు ఉంటే, ఫారం అశ్రద్ధగా నింపినట్టు. నువ్వు అశ్రద్ధగా నింపావని నమ్మడం నాకు తేలిక. ఫారాల్లో ఉన్నది బయట మాట్లాడకూడదన్న నియమం ఇంకొకటి ఉంది, దాని చాటున దాక్కోవడం ఇంకా తేలిక. "నిద్ర బాగా పడుతోందా" అని ఒక్క వాక్యం రాసి, నా బాధ్యత అయిపోయిందనుకున్నాను. నువ్వు ఎనిమిది గంటలన్నావు. అబద్ధమని తెలిసి కూడా మూడు వారాలు జవాబు రాయలేదు. ఏం రాయాలో తెలియక అని చెప్పుకోవచ్చు, కానీ తెలియకపోవడం కాదు. భయం.

వాసన సంగతీ నిజమే. ఇరవై ఏడేళ్ళుగా కాలుస్తున్నాను, రోజుకు ఎనిమిది. మేడ తలుపు మీద అతికించిన పోస్టర్‌లో మాటలు నేను రాసినవే. ఏటా మా ఆఫీసు వాళ్ళకు ఆరోగ్య పరీక్ష చేస్తారు. ఫారంలో "పొగతాగే అలవాటు" అన్న చోట ఏటా "లేదు" అని రాస్తాను. నా మీద ఎవరూ ముద్ర వేయలేదు.

ఇప్పుడు అత్తగా చెబుతున్నాను. ఆ మాత్రలు ఈ రోజే ఆపు. డాక్టరుకు ఆ మాట చెప్పు, ఎండ కాదని చెప్పు. మీ నాన్నకు చెప్పు. వాడు ఏమీ తెలియక అన్నం మానేశాడు.

అత్తయ్య


నా గది
సెప్టెంబరు 3

గౌరవనీయులైన పరిశీలకురాలు గారికి,

మీ ఉత్తరం అందింది. తెలియజేయవలసిన వివరాలు ఇవి.

మాత్రలు ఆపేశాను. రెండు రోజులు తల పగిలిపోయింది, మూడో రోజు పద్నాలుగు గంటలు పడుకున్నాను. కుట్లు విప్పించుకోవడానికి వెళ్ళినప్పుడు డాక్టరుకు చెప్పాను. గుండె పరీక్ష చేసి ఏమీ లేదన్నాడు, మళ్ళీ మింగితే ఉంటుందన్నాడు. నాన్నకు చెప్పలేదు.

ఆ ఫారం మీ బల్ల మీదికే వస్తుందని తెలిసి రాశాను. మీ ఆఫీసులో చదివే మనిషి మీరొక్కరేనని మీరే ఎప్పుడో చెప్పారు, మొదటి ఉత్తరంలో తెలియనట్టు అడిగాను. అమ్మకు చెబితే నాన్నకు తెలుస్తుంది, నాన్నకు తెలిస్తే బోర్డు సున్నాకు పడుతుంది. మీకు చెబితే ఏమవుతుందో తెలియదు, అందుకని మీకు చెప్పాను. "ఊరికే అడుగుతున్నాను" అని మీరు రాశారు. చదివి అడిగారో, చదవకుండా అడిగారో తెలుసుకుందామని ఎనిమిది గంటలని రాశాను. మూడు వారాలు పోస్టు కోసం గుమ్మంలో నిలబడ్డాను.

స్కూటర్‌ను స్కూలుకు రావద్దన్నారు కాబట్టి నేనే వాళ్ళింటికి వెళ్ళాను. నీ వల్ల నెలలో రెండు రోజులు నాకు బాగున్నాయని ఫారంలో రాశానని చెప్పాను. నీకు ముప్పై ఉండి ఉంటాయి కదా అన్నాను. అది సున్నా అని రాసిందట. "ఇంట్లో అడిగేవాళ్ళు లేకపోతే బాగుంటుందని ఎవరు చెప్పారే నీకు?" అంది. రోజుకు ఆరు సిగరెట్లు కాలుస్తోంది, ఒక మేడ ఎక్కితే ఆయాసపడుతోంది. దాని ఫారానికి మీరు ఏ ముద్ర వేశారో నేను చెప్పగలను. బోలెడన్ని అలవాట్లు, సున్నా రోజులు. డైరెక్టరు గారికి చాలా నచ్చి ఉంటుంది.

దాని ఫారానికి పొంతన ఉందని ముద్ర వేశారు, నా ఫారానికి లేదని వేశారు. రెండూ ఒకే బెంచీలో పక్కపక్కన కూర్చుని రాసినవే. ఇద్దరిలో ఎవరి ఇంటికీ ఎవరూ రాలేదు.

ఇట్లు
ఫారం నింపిన విద్యార్థిని


పోస్టర్ల స్టోర్, బేస్‌మెంట్
సెప్టెంబరు 12

పిచ్చుకా,

అలా పిలవడానికి నాకు ఇంకా అర్హత ఉందో లేదో తెలియదు, చేతికి అలవాటైపోయింది.

నీ ఉత్తరం చదివాక పక్కన పెట్టిన ఫారాలన్నీ మళ్ళీ తీశాను. అరవై ఒకటి ఉన్నాయి. అందులో పదకొండు మీ సీసాల వీరుడి లాంటివాళ్ళవి. మిగిలిన యాభైలో ఏ చెడు అలవాటూ లేదు, బాగున్న రోజులూ పది లేవు. మార్జిన్‌లో రాసింది నువ్వొక్కదానివే కాదు. ఒకరు మాత్రల సంగతి, ఒకరు రోజూ మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలో అన్నం పారేయడం. ఒకరు "నేను బాగానే ఉన్నాను" అని మూడుసార్లు రాసి మూడుసార్లూ కొట్టేశారు.

వాటిని తీసుకెళ్ళి డైరెక్టరు బల్ల మీద పెట్టాను. ఆయన మర్యాదస్తుడే, కూర్చోమన్నాడు, టీ తెప్పించాడు. నాలుగైదు తిరగేసి, "ఇవి కలిపితే గీత వంగిపోతుందండీ" అన్నాడు.

"వంగనివ్వండి" అన్నాను.

"వంగిన గీతను ఎవరు తగిలించుకుంటారు?" అని నిజంగానే అడిగాడు. ఎగతాళి కాదు, ఆయన బాధ అది.

నివేదిక మీద నేను సంతకం పెట్టలేదు. పెట్టకపోవడానికి కారణం ఒక పేజీ రాసి, దాన్ని కూడా నివేదికకు జతచేయమన్నాను. పేర్లు, స్కూళ్ళు లేకుండా ఆ యాభై మంది మాటలు కాపీ తీసి ప్రతి స్కూలు హెడ్మాస్టరుకు పంపాను. మర్నాడు నాకు బేస్‌మెంట్‌కు బదిలీ అయింది. ఇక్కడ పోస్టర్లు కట్టలు కడుతున్నాను. చాలావరకు నేను రాసినవే, కాబట్టి చదువుకోవాల్సిన పని లేదు. నివేదిక విడుదలైంది. గీత తిన్నగానే ఉంది. అడుగున చిన్న అక్షరాల్లో "యాభై జవాబులు కలపలేదు" అని ఒక వాక్యం మాత్రం వేశారు. వచ్చే ఏడాది ఫారంలో మాత్రల మీద, డబ్బాల మీద రెండు ప్రశ్నలు చేరుస్తున్నారు. 38వ ప్రశ్న తీసేస్తున్నారు, జవాబులు గందరగోళంగా వస్తున్నాయట.

సిగరెట్లు అయిదుకు తగ్గాయి. మానేశానని రాయను, నీకు అబద్ధం రాయడం అయిపోయింది.

వచ్చే నెల మొదటి శనివారం రైలుకు వస్తున్నాను. అప్పటిలోగా మీ నాన్నకు నువ్వు చెప్పేస్తే మనం కూర్చుని టీ తాగుతాం. చెప్పకపోతే నేను చెబుతాను. నువ్వు మళ్ళీ నాతో మాట్లాడకపోయినా సరే.

అత్తయ్య


నా గది
సెప్టెంబరు 23

అత్తయ్యా,

చెప్పాను. నువ్వు వచ్చి టీ తాగొచ్చు.

ఆదివారం సాయంత్రం నాన్న మెట్ల మీద కూర్చుని, జారకుండా ఉండటానికి అంచులకు పసుపు టేపు అంటిస్తున్నాడు. నేను రెండు మెట్ల పైన కూర్చున్నాను. "నేను పడిపోయింది ఎండకు కాదు" అని మొదలుపెట్టి మొత్తం చెప్పాను. మాత్రలు, డబ్బాలు, తెల్లవారుజామున గుండె కొట్టుకోవడం, ఫారం, నువ్వు. వంతెన కూడా. ఆయన నా వైపు తిరగలేదు. టేపు కొన పట్టుకుని విన్నాడు.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాడు.

"మార్చి నుంచి."

"నేను ఎక్కడున్నాను?"

తిట్టడానికి అన్న మాట కాదు అత్తయ్యా, నిజంగానే గుర్తు తెచ్చుకోవడానికి అడుగుతున్నాడు. నేను కూడా నిజమే చెప్పాను. "ఇంట్లోనే ఉన్నావు నాన్నా. గ్యాస్ ట్యూబు చూస్తున్నావు. నా కుర్చీ కాళ్ళకు రబ్బరు తొడుగులు వేస్తున్నావు. ఎప్పుడూ ఇంట్లోనే ఉన్నావు."

అప్పుడు ఏడ్చాడు. ఆయన ఏడవడం అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు, ఎలా ఓదార్చాలో కూడా తెలియలేదు. టేపు చేతికి అంటుకుపోయింది, ఇద్దరం కలిసి తీశాం.

మర్నాడు సెలవు పెట్టి కోచింగ్ సెంటర్‌కు వెళ్ళాడు. గుమ్మంలో కౌంటర్ ముందు నిలబడి, వచ్చేపోయే పిల్లలను ఒక్కొక్కరినీ ఆపి, రాత్రి ఎన్ని గంటలు పడుకున్నారో నోట్‌బుక్‌లో రాసుకున్నాడట. నలభై మందిని అడిగేసరికి మేనేజర్ వచ్చి బయటికి పంపేశాడు. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది, కాస్త గర్వంగా కూడా ఉంది. పొద్దుటి కోచింగ్ మానిపించాడు. సాయంత్రం క్లాసు కొనసాగుతుంది, అది నేనే ఉండనిమ్మన్నాను. లెక్కలంటే నాకు ఇష్టమే, ఆ సంగతి మర్చిపోయాను.

స్కూటర్ మీద ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాడు, అదీ రాతపూర్వకంగానే. వాళ్ళింటికి వెళ్ళి దానికి "నా కూతుర్ని సమయానికి చేర్చావమ్మా" అని చెప్పి, ఒక హెల్మెట్ ఇచ్చి, లైసెన్సు వచ్చేదాకా బండి తీయొద్దన్నాడు. అది ఇప్పుడు నడిచి వస్తోంది. నడవడం వల్ల ఆయాసమని తిడుతోంది. రోజూ సాయంత్రం మా ఇంటికి వస్తుంది, ఆలస్యమైతే అమ్మ "ఎక్కడున్నావే" అని అడుగుతుంది. మొదటి రోజు అది ఎవరిని అడుగుతున్నారా అని వెనక్కి తిరిగి చూసింది. సిగరెట్లు రెండుకు తగ్గించానంటోంది. నేను ఫారం ఇచ్చి అడగలేదు కాబట్టి నిజమే అయి ఉండొచ్చు.

నీ మీద కోపం పూర్తిగా పోలేదు. సగం పోయింది. మిగతాది నువ్వు వచ్చాక చూద్దాం.

ఈ రోజు సెలవు. పొద్దున ఎవరూ నన్ను లేపలేదు. ఏడింటికి అమ్మ వచ్చి కిటికీ తెర వేసి వెళ్ళిందట. ఎనిమిదింటికి నాన్న వచ్చి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి వెళ్ళాడట, అమ్మ చెప్పింది. తొమ్మిదింటికి మళ్ళీ వచ్చాడు. అప్పటికి నాకు మెలకువ వచ్చేసింది. అయినా కళ్ళు తెరవలేదు. ఆయన మంచం పక్కన చాలాసేపు నిలబడ్డాడు. నిలబడనిచ్చాను.

పిచ్చుక